అయిదు వేల కిలోమీటర్లకొకసారి

హోలోపేకా, లిఫూకా దీవి, టోంగా
1995 ఫిబ్రవరి 14

ఒరేయ్ మనాసే,

మొన్నటి గాలివానలో మన కప్పు రేకులు ఎగిరిపోకుండా కాచిన దేవుడికి ముందు దండం. నువ్వు ఆక్లండ్‌లో వేళకి తింటూ, ఆదివారం చర్చి మానకుండా ఉన్నావనుకుంటాను.

ఇక అసలు సంగతి. వ్యాను కొన్నాను. పాంగై పట్నంలో సర్కారు ఆఫీసు వాళ్ళు వేలం వేస్తే పాట పాడి దక్కించుకున్నా. పద్నాలుగేళ్ళ పాతది, పెట్రోలు బండి, ఒక తలుపు తాడుతో కట్టాలి. ఇంజన్ మాత్రం గట్టిదే అన్నారు. మీ నాన్న నడుపుతాడు. నేను వెనక రొట్టె బుట్టల మధ్య కూర్చుంటా. మన ఆచారం మరిచి అన్న పక్క సీట్లో చెల్లెలు కూర్చుంటే ఊళ్ళో తలెత్తుకోగలమా.

పాత లారీ ఎలా చచ్చిందో నీకు తెలుసుగా. నూనె మార్చే దిక్కు లేక ఇంజన్ బిగుసుకుపోయింది. అయిదు నెలలు పాంగై బేకరీ నుంచి తోపుడు బండి మీద రొట్టెలు తెచ్చుకున్నా. వచ్చేసరికి అవి చల్లారి, సగం ఊరు పక్క ఊరి కొట్టుకి అలవాటు పడింది. ఈ బండి కూడా పోతే నా కొట్టుకి తాళమే. మళ్ళీ తోపుడు బండి తోసే నడుము నాకు లేదు.

అంచేత చెప్పు. పాత బండికి నూనె ఎన్నాళ్ళకోసారి మార్చాలి? బేకరీ ఆయన నెలకోసారి అంటాడు. పోస్టాఫీసు ఆయన నల్లబడినప్పుడు చాలంటాడు. పాస్టరు గారు ప్రార్థన మానకపోతే చాలన్నారు. మీ నాన్నని అడిగితే నేల చూశాడు. మన వంశంలో గ్యారేజీలో పనిచేసేవాడివి నువ్వొక్కడివే. ఒక్క అంకె చెప్పు, కిరసనాయిలు పీపా పక్కన గోడ మీద రాయిస్తా. రెండు అంకెలు చెప్పావంటే ఊరుకోను.

టైపు మిషను మీద టకటకా కొట్టేస్తున్నా, కొట్టు ముందు జనం ఉన్నారు. తప్పులుంటే సర్దుకో.

నీ మేనత్త,
లోసా


ఒతాహుహూ, ఆక్లండ్
1995 మార్చి 9

పూజ్యులైన లోసా అత్తకు,

మిమ్మల్ని, మీ కొట్టునీ చల్లగా చూస్తున్న దేవుడికి కృతజ్ఞతలు. మీ ఉత్తరం మా షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. నా మేనత్త వ్యాను కొన్నదంటే సమోవా వాడు ఫలనికో కూడా చప్పట్లు కొట్టాడు.

అత్తా, మీరు అడగవలసిన వాణ్ణే అడిగారు. రోజుకి పది పన్నెండు బండ్ల కింద దూరి నూనె దించేది నేనే. కొత్త బండయితే పదివేల కిలోమీటర్ల దాకా ఆగుతుంది. పాతది ఆగదు. లోపల అరిగి ఉంటుంది, మసి నూనెలోకి దిగుతుంది, నూనె పలచబడుతుంది. కాబట్టి అయిదు వేల కిలోమీటర్లకొకసారి. నూనెతోపాటు ఫిల్టరు కూడా. అంకె ఒక్కటే, అయిదు వేలు. ఎవరేం చెప్పినా వినకండి.

బట్టల పీపాలో నాలుగు ఫిల్టర్లు పెట్టి ఓడకి వేస్తున్నాను. నాన్నకి ఇవ్వండి. వారానికోసారి కడ్డీ తీసి నూనె మట్టం చూడమనండి.

మీ మాట జవదాటని మేనల్లుడు,
మనాసే


హోలోపేకా
1995 ఏప్రిల్ 20

మనాసే నాయనా,

ఈస్టరు బాగా జరిపించిన దేవుడికి దండం. పంది బాగా కాలింది, పెండలం దుంపలు కాస్త పచ్చిగా ఉన్నా ఎవరూ పైకి అనలేదు.

నీ అంకె గోడ ఎక్కింది. పడవలకి వేసే నీలం రంగుతో మూరెడేసి అక్షరాల్లో "అయిదు వేల కిలోమీటర్లకొకసారి" అని రాయించా. కింద నీ పేరు. ఉప్పు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా చదివి పోతున్నారు. పాస్టరు గారు వచ్చి గోడకి ప్రార్థన చేశారు.

మీ నాన్నకి చెప్పా. "సరే చెల్లీ" అన్నాడు. మళ్ళీ, "మన రోడ్డు చిన్నది కదా" అన్నాడు. "మెకానిక్కు నువ్వా, నీ కొడుకా?" అన్నా. నేల చూశాడు. అంతటితో అయిపోయింది. మంచివాడు మా అన్న, చెప్పింది వింటాడు.

గోడ మీద అంత పెద్దగా రాసి నూనె అమ్మకపోతే బాగుండదని అయిదు లీటర్ల డబ్బాలు ఒక పెట్టె తెప్పించా. మొదటి బేరం పడవ మోసేసెది. వచ్చి, గోడ చదివి, మారు మాట్లాడకుండా ఒక డబ్బా పట్టుకెళ్ళాడు. నీ మాటకి ఎంత బలమో చూడు.

మీ అత్త,
లోసా


హోలోపేకా
1995 అక్టోబరు 22

మనాసే,

ఎండ, వాన, రెండూ సమానంగా ఇచ్చిన దేవుడికి దండం. ఉత్తరం రాయడం మానేశావు. పని ఎక్కువై మానేశావా, పిల్ల దొరికి మానేశావా?

వ్యాను బంగారం. తెల్లారి బేకరీకి వెళ్ళి రావడం, ఓడ వచ్చిన రోజు రేవుకి ఇంకోసారి. ఒకసారి ఆపితే మళ్ళీ అంటుకోదేమోనని మీ నాన్న ఎక్కడా ఇంజన్ ఆపడు. బేకరీ ముందు గంటసేపు అలా గురుగురుమంటూనే ఉంటుంది. దగ్గర్లోనే కదా, ఏమవుతుంది. మీటరు నేను రాసి పెడుతున్నా. ఎనిమిది నెలల్లో పదహారు వందల కిలోమీటర్లు. అయిదు వేలకి ఇంకా ఎంతో దూరం. మంచి అంకె చెప్పావురా, ఖర్చే లేదు.

నూనె కూడా కదులుతోంది. ఒక్క మోసేసే మూడు డబ్బాలు కొన్నాడు, సరిగ్గా పదేసి వారాలకి ఒకటి. వాడి పడవ అడుగున చిల్లు పడి ఈస్టరు నుంచి దుంగల మీదే ఉంది. నీళ్ళు తాకని పడవకి అంత నూనె ఎందుకు? తాగుతున్నాడేమో. నీ అంకె పాటిస్తే ఈ తిప్పలు ఉండవు కదా అని చెప్పా. తల గోక్కున్నాడు.

అత్త


ఒతాహుహూ
1995 నవంబరు 19

పూజ్యులు, మా వంశానికి పెద్దదిక్కు, లోసా అత్తకు,

మీకు ఆరోగ్యం ఇచ్చిన దేవుడికి, కొట్టు నిలబెట్టిన దేవుడికి, నన్ను మీకు మేనల్లుడిగా పుట్టించిన దేవుడికి వేర్వేరుగా కృతజ్ఞతలు. మీరు గోడ మీద రాయించిన మాట తప్పని నేను అనబోవడం లేదు. మీకు తప్పని చెప్పేంతవాణ్ణి కాను. మీరు ఏం చేసినా ఆలోచించే చేస్తారు.

అయితే ఇక్కడి జనం రోజుకి డెబ్బై ఎనభై కిలోమీటర్లు తిరుగుతారు. అయిదు వేలంటే వాళ్ళకి రెండు మూడు నెలలు. అక్కడ మన రోడ్డు పొట్టిది. నేను ఆ రోడ్డు మీదే పెరిగి కూడా ఆ సంగతి మరిచిపోయి ఉంటే అది నా బుర్ర తక్కువతనం. కొద్ది దూరం తిరిగే బండికి ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపల తడి ఆరదు. నిలబెట్టి తిప్పితే మీటరు తిరగదు గానీ నూనె పాడవుతూనే ఉంటుంది. అలాంటి బండికి దూరం చూడకుండా మూడు నెలలకోసారి మార్చేవాళ్ళు కూడా కొందరు ఉన్నారు. ఇదంతా మీకు తెలియనిది కాదు. మీకెలా తోస్తే అదే సరైనది.

మోసేసె మామ పడవకి ఏ ఇంజన్ ఉందో వీలైతే రాయండి.

మీ పాదాల దగ్గరి
మనాసే


హోలోపేకా
1996 జనవరి 17

ఒరేయ్ మనాసే,

కొత్త ఏడు చూపించిన దేవుడికి దండం. నీ ఉత్తరం కొట్టు ముందు పైకి చదివించా. "మీకెలా తోస్తే అదే సరైనది" అని నువ్వు రాసింది విని బేకరీ ఆయన నోరు మూసుకున్నాడు. చదువుకున్నవాడు అంటే అదీ. ఆక్లండ్‌లో కొందరు మూడు నెలలకోసారి మార్చి పారబోస్తున్నారని కూడా చదివాం. అందరూ నవ్వారు. డబ్బున్న చోట మనుషులకి ఏదో ఒకటి పారబోయకపోతే తోచదు. నువ్వు మాత్రం అలా తయారవకు.

నాకెలా తోచిందో చెబుతా విను. అయిదు వేలే.

మోసేసె ఇంజనా? పడవ వెనక తగిలించే చిన్న పెట్రోలు మిషను. వాడి వంటింట్లో మేకుకి వేలాడుతోంది. చిన్న సీసాలో ఎర్ర నూనె పెట్రోల్లో కలిపి పోస్తాడట, అది నా దగ్గర కొనడు. డబ్బాలు మాత్రం కొంటూనే ఉన్నాడు. మీ నాన్న రోజూ వాడితో కూర్చుని కావా వేరు రసం తాగుతాడు కదా, వాడికి ఏమైంది అని అడిగా. దగ్గాడు. ఈమధ్య మీ నాన్నకి దగ్గు ఎక్కువైంది.

అత్త


ఒతాహుహూ
1996 మార్చి 3

పూజ్యులైన అత్తకు,

ఈ ఆదివారం మీ పేరు చెప్పి రెండుసార్లు ప్రార్థించాను.

మొన్న నాన్న పాంగై నుంచి ఫోన్ చేశాడు. వ్యాను బాగుందన్నాడు. నూనె గురించి అడిగితే దగ్గాడు. నేనూ ఇంకేం అడగలేదు.

అత్తా, చిన్న మనవి. మోసేసె మామ మీకు మంచి బేరం. ఆయన వచ్చినప్పుడు డబ్బా లేదనకండి. ఎందుకు కొంటున్నావని అడగకండి. వీలైతే ఆయనకి ధర కాస్త తగ్గించండి. ఇంకో రెండు ఫిల్టర్లు కూడా పంపుతున్నాను, అవి నేరుగా నాన్న చేతికి ఇవ్వండి.

మీ
మనాసే


హోలోపేకా
1997 మార్చి 25

నాయనా మనాసే,

ఈ ఉత్తరం నిలబడి కొడుతున్నా. ఇలాంటి రోజు చూపించిన దేవుడికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

పోయిన శనివారం, కొన్ననాటి నుంచి లెక్కేస్తే, మీటరు అయిదు వేలు తిరిగింది. ఎక్కడో తెలుసా, మన రోడ్డుకి అడ్డంగా విమానాలు దిగే దారి దగ్గర. విమానం దిగేదాకా గేటు ముందు ఆగి ఉన్నాం, గేటు తీయగానే ఆ దారి దాటుతుంటే తిరిగింది. నేను వెనక నుంచి "ఆపు అన్నా" అని అరిచా. మూడు రొట్టెలు కింద పడ్డాయి.

రెండేళ్ళు ఎదురుచూసిన రోజు కదా, ఊరికే ఎలా వదిలేస్తాం. ఇవాళ పంది కోయించా. చేమాకుల్లో మాంసం చుట్టి గుంత పొయ్యిలో పెట్టించా. పాస్టరు గారు వ్యానుకి ప్రార్థన చేశారు. చర్చి కాయిరు వాళ్ళు రెండు పాటలు పాడారు. ఫిల్టరు తెమ్మంటే మీ నాన్న ఒక్కటే తెచ్చాడు. మిగతావి ఎలుకలు కొట్టేశాయట. ఇనుము తినే ఎలుకలు ఎక్కణ్ణుంచి వచ్చాయో.

పోస్టాఫీసు ఆయన కింద దూరి బోల్టు విప్పాడు. జనమంతా వంగి చూస్తున్నారు. నూనె ధార కట్టింది. మనాసే, తేనె. అచ్చం తేనె. రెండేళ్ళ నూనెరా అది. పాస్టరు గారు టోపీ తీశారు. మీ నాన్న నేల చూశాడు. ఎంత నెమ్మదస్తుడో, కొడుకు గొప్పకి కూడా మురవడు.

అంచేత నేను ఒకటి నిశ్చయించా. అయిదు వేలకి కూడా చెడని నూనె పదివేలకి మాత్రం ఎందుకు చెడుతుంది? ఈస్టరు వెళ్ళాక గోడ మీద పదివేలని మార్పిస్తా. నీలం రంగు మిగిలే ఉంది.

మే నెలలో మీ నాన్న కంటి ఆపరేషనుకి నీ దగ్గరికి వస్తున్నాడు కదా. నాలుగు నెలలంటున్నారు. అన్నాళ్ళూ వ్యాను నేనే నడుపుతా. నేర్చుకున్నా, ముందుకి బాగానే పోతోంది. మోసేసె ఇక నూనె అక్కర్లేదన్నాడు, ఎందుకో తెలీదు. వాడు ఎంతకైనా కొంటున్నాడు కదా అని నువ్వు తగ్గించమన్న ధర కాస్త పెంచాను కూడా. బెదిరినట్టున్నాడు.

అత్త


ఒతాహుహూ
1997 మే 28

పూజ్యులైన లోసా అత్తకు,

నాన్న క్షేమంగా చేరాడు. కుడి కంటికి ఆపరేషను అయింది. దేవుడి దయ. కట్టు విప్పగానే మొదట అడిగింది వ్యాను సంగతే. రోజూ అడుగుతున్నాడు. మీరు గోడ మీద అంకె మార్చారా లేదా అని కూడా అడిగాడు. మార్చారని ఎవరో చెప్పినట్టు భయపడుతూ అడిగాడు. నాకు తెలీదన్నాను. ఆ పూట అన్నం సరిగా తినలేదు.

అత్తా, మీతో చెప్పుకోవాల్సిన బాధ ఒకటి ఉంది. ఇక్కడ మా షెడ్డులో ఉన్న మనవాళ్ళందరి మేనత్తలూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఒకడి అత్త కుట్టుమిషను అడిగింది. ఇంకొకడి అత్త వాడు తొడుక్కున్న కోటే విప్పించి పట్టుకుపోయింది. వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. నా మేనత్త నన్ను ఏమీ అడగదు. ఒక అంకె అడిగింది, అంతే. మీ అత్త నిన్ను పరాయివాడిలా చూస్తోందా అని ఫలనికో అడిగాడు. నాకు తలకొట్టేసినట్టయింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరు అడగండి. మూడు నెలలకొక నూనె డబ్బా, ఫిల్టరుతో సహా, నా మేనల్లుడు నాకు పంపి తీరాలి అని అడగండి. మన ఆచారంలో మేనత్త అడిగితే కాదనే వీల్లేదు, అది మీ హక్కు. ఒక్క షరతు. అది అత్తకి ఇచ్చిన కానుక, కొట్టులో అమ్మకూడదు. వచ్చింది వచ్చినట్టు వ్యానుకే పోయాలి. తర్వాతి డబ్బా వచ్చేసరికి ముందుది ఇంట్లో మిగిలి ఉంటే నాకు అవమానం.

మీరు అడుగుతారని ఎదురుచూసే
మనాసే


హోలోపేకా
1997 ఆగస్టు 11

మనాసే,

ఈసారి దండం పొడుగ్గా పెట్టను. దేవుడికి తెలుసు.

మీ నాన్న వెళ్ళాక ఇల్లు మూసి ఉంది. చాపలు బూజు పట్టకుండా ఎండలో వేయాలి. అన్న ఉండగా ఆయన పడుకునే గదిలో నేను అడుగు పెట్టను కదా, లేనప్పుడు పరవాలేదని వెళ్ళా. మంచం వెనక చాప కప్పి వరసగా నూనె డబ్బాలున్నాయి. పదకొండు. ఖాళీవి. అన్నిటి మీదా నా కొట్టు చీటీ. ఒక్కోదాని మీద సుద్దతో తేదీ, మీ నాన్న చేతిరాత. సరిగ్గా పదేసి వారాలు. పక్కన అయిదు పాత ఫిల్టర్లు, ఎలుక పన్ను ఒక్కటి కూడా తగల్లేదు. ఆఖరి డబ్బా మీద తేదీ నేను పంది కోయించిన రోజుకి ముందురోజు.

ఆ గదిలోనే కింద కూర్చుండిపోయా. మొదట కోపం వచ్చింది. నా నూనె, నా కొట్టులోనే, మోసేసె చేత కొనిపించి, నా బండిలోనే పోశాడు. దాని మీద నేను ధర పెంచాను. తర్వాత నీ ఉత్తరం గుర్తొచ్చింది, మోసేసెకి ధర తగ్గించమన్నది. నీకూ తెలుసన్నమాట. ఊళ్ళో నాకొక్కదానికే తెలీదు. రెండేళ్ళు "అయిదు వేలు, అయిదు వేలు" అని వచ్చిన ప్రతివాడికీ చదివించా. ఆయన రోజూ ఆ గోడ ముందు బండి ఆపుకున్నాడు, మారు మాట్లాడలేదు. నన్ను కాదనలేక, నిన్ను పలుచన చేయలేక.

డబ్బాలు మళ్ళీ వరసగా పెట్టి చాప కప్పి వచ్చేశా.

ఇది ఆయనకి చెప్పకు. నాకు తెలిసిందని తెలిస్తే నా ముందు బండి నడపలేడు. నేనూ అడగను, అడిగే మాట కాదు.

ఇప్పుడు నీ సంగతి. ఆ కోటు అత్త కథ నేను నమ్మలేదు, కానీ బాగుంది. సరే, అడుగుతున్నా. మేనత్తగా, నా హక్కుగా. మూడు నెలలకొక డబ్బా, ఫిల్టరుతో సహా. ఆలస్యం చేశావంటే నీ పెళ్ళిలో అందరికంటే పైన కూర్చుని నీ గురించి చెప్పాల్సిందంతా చెబుతా.

మోసేసెని పిలిపించా. "వ్యానుకి నూనె మార్చడం వచ్చా?" అన్నా. గతుక్కుమన్నాడు. "రాకపోతే నేర్చుకో. మూడు నెలలకోసారి మార్చాలి. మా అన్న వచ్చాక కూడా. ఆయనకి తెలియకూడదు" అన్నా. వాడూ నేల చూశాడు పాపం. నేను పెంచిన ధరలో తేడా కింద ఒక డబ్బా ఊరికే ఇచ్చి పంపా.

సెప్టెంబరులో అన్న వస్తాడు. కన్ను బాగయింది కదా, మొదటి పనిగా కడ్డీ తీసి చూస్తాడు. నూనె తేనెలా ఉంటుంది. ఎవరు మార్చారని నన్ను అడగలేడు. అడక్కుండా తన మానాన మళ్ళీ మోసేసెని కొట్టుకి పంపుతాడు. మోసేసె ఆయన్నీ కాదనలేడు, నన్నూ కాదనలేడు. లెక్కన బండికి ఇకమీదట నెలన్నరకోసారి నూనె పడుతుంది. బేకరీ ఆయన మొదట్లో చెప్పిందీ ఇంచుమించు అదే, ఆయనతో మాత్రం అనకు.

వెనక రొట్టెల మధ్య కూర్చుని నేను నవ్వుకుంటా. ముందు సీట్లో ఆయన దగ్గుకుంటాడు.

పదివేలని మార్పించలేదు. అయిదు వేలు చెరపనూ లేదు. అది నా మేనల్లుడు చెప్పిన అంకె, గోడ ఉన్నంతకాలం ఉంటుంది.

నీ మేనత్త,
లోసా